మారప్ప రంగు

నిడుగల్లు కొండ కింది ఊళ్లలో బోరు వేయించాలనుకున్న రైతు మొదట తిమ్మరాయప్ప గడప తొక్కేవాడు. బోరు లారీ వాళ్ల దగ్గరికి పోవడం ఆ తర్వాతే. తిమ్మరాయప్ప పొద్దున్నే నీళ్లు పోసుకొని, పరగడుపున, పంగల కానుగ కొమ్మ ఒకటి విరుచుకొని, చెప్పులు గట్టు మీద విడిచి చేనులోకి దిగేవాడు. కొమ్మ రెండు కొసలనూ రెండు పిడికిళ్లలో బిగించి మెల్లగా నడిచేవాడు. ఎక్కడో ఒకచోట కొమ్మ ముక్కు నేల వైపు వంగేది. మోచేతులు వణికేవి. "ఈడ," అనేవాడు. అక్కడ రాయి పాతేవాళ్లు.

అదెట్లా తెలుస్తుందని అడిగితే, మా తాతలు మందలతో తిరిగినవాళ్లు, నీళ్ల జాడ గొర్రెకు తెలుస్తాది, గొర్రె వెనక నడిచినోడికి తెలుస్తాది అనేవాడు. అది నలుగురికీ చెప్పే మాట. లోపల మాత్రం అతనికీ తెలియదు. కొమ్మ తనంతట తానే వంగుతుందని మాత్రం నిజంగానే నమ్మాడు. నీళ్లు పడితే కొత్త పంచె, గంపెడు చెనిక్కాయలు, చుట్టుపక్కల పేరు. పడకపోతే, "నేను చెప్పిన తావున దించలేదు, బారెడు పక్కకు దించినారు," అని దులుపుకొని వచ్చేవాడు. వానలున్నన్నాళ్లూ ఆ మాట చెల్లింది. ఎనభైల్లో కరువు మీద కరువు వచ్చి, బావులు అడుగంటి, వేరుశనగ ఊడ దిగకముందే మాడిపోవడం మొదలైనాక, అతను పాతించిన రాళ్ల దగ్గర దుమ్మే ఎక్కువగా లేచింది. అయినా జనం రావడం మానలేదు. నీళ్లు లేని ఊళ్లో నీళ్లు చూపిస్తానన్న మనిషిని ఎవరు వదులుకుంటారు?

మారప్ప అతనికి మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంద వెనక తిరిగారు. మారప్ప నిదానస్తుడు. బోరు ఆలోచనే లేదతనికి. ఆ ఆలోచన పుట్టించింది తిమ్మరాయప్పే. ఒకరోజు ఇంకెవరి చేనో చూసి తిరిగి వస్తూ, చేతిలో కొమ్మ ఉంది కదా అని, ఊరికే మారప్ప పొలంలోకి దిగాడు. కొమ్మ వంగింది.

"బావా, నీ చేన్లో గంగ ఉండాది. నువ్వేమో నిద్ర పోతాండావు," అన్నాడు.

"మనకెందుకులే బావా. గొర్రెలు అమ్మితే గాని లారీ రాదు. పొయిన మంద మళ్లా వస్తాదా?"

"రెండు పైర్లు తీస్తే ఇంతకు రెండింతల మంద తోలుకొస్తావు. నీళ్లు పడకుంటే పదిమందిలో మీసం తీయించుకుంటా. చాలునా?"

మారప్ప భార్య పుట్టమ్మ అక్కడే కలుపు తీస్తోంది. వరసకు ఆమెకు తిమ్మరాయప్ప అన్న. ఆమె నడుము ఎత్తి, "నీ మీసం పెట్టుకొని మేమేం చేసుకోవల్లన్నా," అంది. మగవాళ్లిద్దరూ నవ్వారు.

మంద అమ్మారు. లారీ వచ్చింది. పొద్దు వాలేదాకా గొట్టంలోంచి తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తిమ్మరాయప్ప కొమ్మ పట్టుకొని చేనంతా మళ్లీ తిరిగి ఇంకోచోట రాయి పాతించాడు. దానికి పుట్టమ్మ చెవుల్లోవి, మెడలోవి పోయాయి. అక్కడా దుమ్మే. లారీ వాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకొని గొట్టాలు విప్పుకుంటుంటే, మారప్ప జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లగా దుమ్ము పేరుకొని నిలబడ్డాడు. "సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాను గదా బావా," అని నవ్వాడు. తిమ్మరాయప్ప ఆ నవ్వుకు బతికిపోయాననుకున్నాడు. ఇంటికి పోయి కడుపు నిండా తిన్నాడు కూడా.

వారం తిరక్కముందే మారప్ప పురుగుల మందు తాగాడు. బండి కట్టి పావగడ ఆసుపత్రికి తోలారు. బండిలో అతని తల తిమ్మరాయప్ప ఒడిలో ఉంది. సగం దారిలోనే ఊపిరి పోయింది. దానికి ముందు ఆ పెదవులు, ఆ చేతిగోళ్లు నీలిమందు నీళ్లలో ముంచి తీసినట్లు మారడం తిమ్మరాయప్ప కళ్లారా చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు. ఒడిలో తల ఉంటే ఎటు తిప్పుకుంటాడు?

మట్టి చేసి వచ్చిన రోజే మంగలిని పిలిపించాడు. మారప్ప ఇంటి ముందే, అందరూ చూస్తుండగా కూర్చొని మీసం తీయించుకున్నాడు. పుట్టమ్మ గడపలో నిలబడి అయిపోయేదాకా చూసింది.

"మీసం మళ్లా మొలుస్తాదిలే అన్నా," అని లోపలికి పోయింది.

తిమ్మరాయప్ప ఆ రోజు నుంచి కొమ్మ పట్టలేదు. పట్టమని అడిగినవాళ్లకు జవాబూ చెప్పలేదు. తర్వాత తర్వాత ఎవరికీ, దేనికీ జవాబు చెప్పడం మానేశాడు. గోడకు ఆనుకొని కూర్చుంటే అట్లాగే పొద్దు గడిచిపోయేది. భార్య ఓబక్క రాగిముద్ద తుంచి నోట్లో పెడితే, నమలాలన్న సంగతి మరిచినట్లు అది దవడలోనే ఉండిపోయేది. గుడ్డలు వదులైపోయాయి. ఊరు శని పట్టిందంది. ఓబక్క శనివారం శనివారం అతన్ని పావగడ బస్సెక్కించి శనిమహాత్మ గుళ్లో నువ్వుల నూనె దీపం పెట్టించింది. గుళ్లో పరిచయమైన ఒక ముసలామె, బజారులో బట్టలంగడి వాళ్ల కొడుకు బెంగళూరులో మనసుకు మందిచ్చే డాక్టరనీ, నెలకొకసారి వచ్చి అంగడి వెనక గదిలో అందరినీ ఊరికే చూస్తాడనీ చెప్పింది.

ఆ డాక్టరు పేరు అనంతరాము. ఇంకా చిన్న వయసే. చేతికీ మాటకూ చురుకు ఎక్కువ. తిమ్మరాయప్ప కనురెప్పలు ఎత్తి చూశాడు, నాలుక చూశాడు, నాడి చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లుండాడు?"

"చెనిక్కాయ పీకిన కాడ్నుంచి సామీ."

"ఇంట్లో ఏమన్నా జరిగిందా?"

"ఇంట్లో ఏం లేదు సామీ. ఈయప్ప బావ ఒకాయన..."

గది బయట గుడ్డల మూటల మధ్య జనం బారుగా కూర్చొని ఉన్నారు. "సరేలేమ్మా," అని డాక్టరు చీటీ రాసేశాడు. "ఈ మాత్ర రోజూ వేయల్ల. నెల దాకా గుణం కనపడదు. మాన్పించొద్దు."

మాత్ర పనిచేసింది. నెల దాటినాక ఒక పొద్దున తిమ్మరాయప్ప గోడ దగ్గర నుంచి తల ఎత్తి, "ముద్దలోకి ఏం చేసినావు?" అన్నాడు. ఓబక్క పెరట్లోకి పోయి వచ్చింది. "చెనిక్కాయ చట్నీ," అంది. అతను తిన్నాడు. మర్నాడు ఎద్దులకు గడ్డి వేశాడు. ఇంకొన్నాళ్లకు, మునుపటి మాదిరి కాకపోయినా, దారిన పోయేవాళ్లతో ఒకటి రెండు మాటలు ఆడాడు. ఓబక్క పావగడ వైపు తిరిగి డాక్టరుకు దండం పెట్టింది.

తొలకరి రోజుల్లో, డాక్టరు మాత్రను ఇంకో రెండు పూటలకు పెంచినాక, ఓబక్క వాకిట్లో ఎండ వెలుగులో అతని ముఖం చూసి, "నేరేడు పండ్లు యాడ దొరికినాయప్పా నీకు?" అంది.

"నేనేం తిన్లేదే."

ఆమె దగ్గరికొచ్చి పెదవులు కొంగుతో తుడిచింది. రంగు రాలేదు. తిమ్మరాయప్ప వేళ్లు చాపి చూసుకున్నాడు. పది గోళ్లూ నీలం. ఆ రంగు ఎక్కడిదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఊరికీ చెప్పనక్కర్లేదు. బండి వెనక నడిచినవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. మారప్ప పట్టుకున్నాడు అన్నారు. తాగిన మందు తిమ్మడి ఒంట్లో తేలింది అన్నారు. టీ అంగడిలో అతను తాగిన గ్లాసును విడిగా పెట్టారు. విత్తనాల చెనిక్కాయ రాశి మీద అతని చెయ్యి పడకూడదన్నారు. పిల్లలు దూరం నుంచి "నీలప్పా" అని పిలిచి పరిగెత్తేవాళ్లు. తల్లులు పిల్లల్నే తిట్టారు, పేరు పెట్టినందుకు కాదు, అంత దగ్గరికి పోయినందుకు.

పుట్టమ్మ మూడో రోజు వచ్చింది. మొగుడు పోయినాక ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు.

"చెయ్యి చాపన్నా."

చాపాడు. ఆమె ఒక్కో వేలూ పట్టుకొని, గోరును తన బొటనవేలితో నొక్కి చూసింది. నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ నీలం కమ్ముకుంది.

"ఇట్లే ఉన్యాయి," అంది. "ఆయప్పకు నీళ్లు పోసింది నేనే గదా. ఇట్లే ఉన్యాయి."

ఓబక్క, "కూచో వదినా," అంది. పుట్టమ్మ కూర్చుంది. పెట్టిన ముద్ద తింది. ఎన్నాళ్లకో ఆకలైన మనిషి తిన్నట్లు తింది.

ఆ తర్వాత ఆమె తరచుగా రావడం మొదలుపెట్టింది. పొరుగూళ్ల నుంచి చుట్టాలెవరన్నా వస్తే వాళ్లనూ వెంటబెట్టుకొచ్చేది. "చూపించన్నా," అంటే తిమ్మరాయప్ప చేతులు చాపేవాడు. వాళ్లు చూసి, ముక్కు మీద వేలేసుకొని పోయేవాళ్లు. ఓబక్క లోపల పళ్లు కొరికింది. ఒకరోజు తలుపు వేసి గొళ్లెం పెట్టింది కూడా. తిమ్మరాయప్పే లేచి తీశాడు.

"ఎందుకప్పా ఈ బొమ్మలాట?" అని అడిగింది ఓబక్క.

"ఉండనీ," అన్నాడు. "అడగాల్సినోడు అడగతాండాడు. ఇయ్యాల్సినోడు ఇస్తాండాడు. నాకిప్పుడు బాగుండాది."

నిజంగానే బాగుంది అతనికి. గోడ దగ్గర కూర్చున్న నెలల్లో గుండె మీద ఉన్న బరువును ఎక్కడ దించాలో తెలియలేదు. ఇప్పుడు అది వేళ్ల కొసల మీదికి వచ్చింది. పదిమందికీ కనపడుతోంది. మెట్ట ఎక్కితే ఆయాసం వచ్చేది, అదీ మంచిదే అనుకున్నాడు. తన చేను పక్కన పెట్టి మొదట పుట్టమ్మ చేను దున్నాడు. ఆమె గట్టు మీద కూర్చొని చూసింది. అతను మధ్యలో ఆగి ఎద్దుల మెడ మీద వాలి ఊపిరి పీల్చుకుంటే, "ఆ చివర మిగిలిందన్నా," అని చెయ్యి చూపించింది. అతను పోయి ఆ చివర కూడా దున్నాడు. ఇద్దరిలో ఎవరికీ అది అన్యాయంగా తోచలేదు.

మాత్రలు అయిపోయి మళ్లీ పావగడ పోయినప్పుడు డాక్టరు చీటీ రాయబోతూ ఆగాడు. కలం పక్కన పెట్టి తిమ్మరాయప్పను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. పెదవులు విప్పి చూశాడు, గోళ్లు నొక్కి చూశాడు. గుండె మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"రక్తంలో ప్రాణవాయువు తగ్గితే ఈ రంగు తేలుతుంది," అన్నాడు. "గుండె బాగుండాది, ఊపిరితిత్తులు బాగుండాయి. మరి ఎందుకు తగ్గింది?" అడిగింది వాళ్లను కాదు, తనను తానే. అతని ముఖం వెలిగింది. ఈ రకం మాత్రకూ ఈ రంగుకూ సంబంధం ఉందని ఎక్కడో ఒకటి రెండు చోట్ల రాశారు తప్ప, రుజువు చేసినవాళ్లు లేరట. "బెంగళూరుకు రావల్ల. మా ఆసుపత్రిలో పెట్టుకొని చూస్తాను. అంతా ఊరికే."

ఓబక్క చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. దాంట్లో ఏముందో ఆమె అడగలేదు. మొగుణ్ని బాగు చేసిన మనిషి చెయ్యి పెట్టమన్నాడు, పెట్టింది.

బెంగళూరు వార్డులో మొదట మాత్ర ఆపేశారు. మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే చోటే లోతుగా సూది గుచ్చి రక్తం తీసేవాళ్లు. మామూలు సూది కాదది, భుజం దాకా లాగేది. రెండు చేతులూ కమిలిపోయాయి. కొద్ది రోజుల్లోనే నీలం పలచబడింది, తర్వాత పూర్తిగా పోయింది. వైద్యం చదువుకునే పిల్లలు గుంపుగా వచ్చి చూసి, రాసుకొని పోయారు. తిమ్మరాయప్ప తన గోళ్లను చూసుకొని భయపడ్డాడు.

"యాడికి పోయింది?" అని ఓబక్కను అడిగాడు.

"మంచిదే గదప్పా."

ఆమెకు మంచిదే అనిపించింది, కొన్నాళ్లు. ఆ తర్వాత అతను గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. రెండో వారానికి ముద్ద దవడలో ఆగింది. మూడో వారానికి మాట పోయింది. ఓబక్క డాక్టరు వెంటపడింది.

"సామీ, ఆ మాత్రే ఇయ్యండి. నీలం అయితే అయినాడు. నాకు మాట్లాడే మొగుడు కావల్ల."

"ఇస్తానమ్మా, రేపట్నుంచే ఇస్తాను," అన్నాడు అనంతరాము. ఆమె కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగాడు.

ఇచ్చాడు. అది వైద్యమనుకుంది ఆమె. మాత్ర మళ్లీ ఇస్తే రంగు మళ్లీ వస్తుందా అని చూడ్డానికి ఇచ్చారని ఆమెకు తెలియదు. మనసు తేరుకోవడానికి ఆ మాత్రకు నెల కావాలి. గోళ్లు నీలం కావడానికి కొన్ని రోజులు చాలు. వాళ్లకు కావలసింది గోళ్లే. రంగు రాగానే మళ్లీ మణికట్టులో సూదులు గుచ్చారు. తెల్లగుడ్డ మీద అతని చేతులు చాపించి ఫొటోలు తీశారు. ముఖం ఫొటోకు కళ్ల మీద నల్ల పట్టీ అడ్డం పెట్టారు. ఆ సాయంత్రమే మాత్ర ఆపేశారు. తిమ్మరాయప్పకు ఆ విడత దక్కింది రంగు ఒక్కటే.

చివరికి వేరే రకం మాత్ర మొదలుపెట్టారు. అది మెల్లగా ఎక్కింది. అతను మంచం మీద లేచి కూర్చునే దాకా వచ్చినాక డాక్టరు వచ్చి భుజం తట్టాడు.

"తిమ్మరాయప్పా, తేలిపోయింది. నీ ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఆ మాత్ర వల్లే నీలం వచ్చింది. ఆపితే పోయింది, ఇస్తే వచ్చింది. ఇంక అనుమానమే లేదు."

తిమ్మరాయప్ప రెండు చేతులూ ముందుకు చాపాడు.

"అయితే మారప్ప కాదా సామీ?"

"మారప్ప ఎవరు?" అన్నాడు డాక్టరు.

తిమ్మరాయప్ప చెప్పలేదు. డాక్టరు కూడా మళ్లీ అడగలేదు. అతనికి పక్క మంచం ఉంది, ఆ పక్క మంచం ఉంది.

ఊళ్లో బస్సు దిగేసరికి అతని చేతులు మట్టి రంగులోకి వచ్చేశాయి. కబురు ముందే పోయింది. పుట్టమ్మ వాకిట్లోనే ఎదురుపడింది. చెయ్యి చాపమని అడగలేదు, తనే లాక్కొని చూసింది.

"యాడ కడుక్కొని వచ్చినావన్నా?"

"మాత్ర వల్ల వచ్చిందంటమ్మా. మాత్ర మారిస్తే పొయింది. మారప్ప కాదంట."

"కాదని ఎవరు చెప్పినారు?"

"డాక్టరు."

"ఆయప్పకు తెల్సా మా మారప్ప?"

పుట్టమ్మ అతని చేతిని కింద పడేసినట్లు వదిలేసింది. "నువ్వు నీలంగా ఉన్నన్ని దినాలూ నా కడుపులో చల్లగా ఉండె. ఇంక నా చేన్లోకి రాకు," అంది.

అతను ఆ మాటను తట్టుకోలేకపోయాడు. కొత్త మాత్ర అతన్ని లేపి నిలబెట్టింది, నడిపించింది, కానీ ఆ బరువు మళ్లీ వేళ్ల కొసల నుంచి గుండెలోకి పోయింది. మరుసటి నెల డాక్టరు దగ్గరికి పోయి పాత మాత్ర ఇమ్మన్నాడు. అనంతరాము నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. ప్రాణానికే ముప్పు అన్నాడు. ఆ చేతుల ఫొటో పెద్ద సభలో తెర మీద చూపించాననీ, అందరూ చప్పట్లు కొట్టారనీ చెప్పాడు. "నీ చేతులు ఢిల్లీ దాకా పోయినాయప్పా," అన్నాడు. తిమ్మరాయప్ప మోకాళ్ల మీదున్న చేతుల్ని చూసుకున్నాడు.

బజారులో మందులంగడి వాడికి పాత చీటీ చూపిస్తే మారు మాట్లాడకుండా పాత మాత్రలు ఇచ్చాడు. తిమ్మరాయప్ప అవి ఎద్దుల కొట్టంలో చూరులో దాచి, ఓబక్కకు తెలియకుండా మింగాడు. రంగు వచ్చింది. గోళ్లు బాగా కమ్మినాక పంచె మార్చుకొని, తల దువ్వుకొని పుట్టమ్మ ఇంటికి పోయాడు. గడప బయట నిలబడి చేతులు చాపాడు.

పుట్టమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తి చూసింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో పాత చల్లదనం కనపడింది. అంతలోనే అది పోయింది.

"మాత్ర మింగి వచ్చినావా?" అంది.

అతను అబద్ధం చెప్పలేకపోయాడు.

"పో అన్నా. రంగు పూసుకొచ్చి చూపిస్తే నేనేం చేసుకోవల్ల," అని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. అతను చేతులు చాపుకొనే నిలబడ్డాడు. ఆమె మళ్లీ తల ఎత్తలేదు. చేటలో గింజలు ఒక పక్క, పొట్టు ఒక పక్క చేరుతూనే ఉన్నాయి.

దారిలో ఊపిరాడక రాయి మీద కూలబడితే ఎవరో చూసి ఓబక్కకు చెప్పారు. ఆమె వచ్చి రెక్క పట్టుకొని ఇంటికి నడిపించింది. చూరు వెతికి మాత్రలన్నీ తీసి దిబ్బలో పారేసింది. మొగుణ్ని ఏమీ అనలేదు. పుట్టమ్మ ఇంటి ముందుకు పోయి మాత్రం, "నా మొగుణ్ని చంపితే నీ మొగుడు లేచొస్తాడేమే?" అని ఊరంతా వినేట్లు అడిగింది. పుట్టమ్మ తలుపు వేసుకుంది. వదినా అన్న పిలుపు ఇద్దరి మధ్యా ఆ రోజుతో తెగిపోయింది.

మరుసటి ఏడు కూడా వాన మోసం చేసింది. పుట్టమ్మ చేనును పాలుకిచ్చి, పెళ్లయి బెంగళూరు పోయిన కూతురి దగ్గరికి, అక్కడి కట్టడాల పనికి బయలుదేరింది. బస్సు దాకా ఆమె గంప, మూట మోయడానికి ఎవరూ లేరు. తిమ్మరాయప్ప పోయి మూట నెత్తికెత్తుకున్నాడు. ఆమె వద్దనలేదు. బస్సు వచ్చి ఆగితే అతను మూట పైకి అందించాడు. ఆమె మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగింది.

"ఆ డాక్టరు నీకు మాత్ర ఇచ్చినాడు," అంది. "నాకేమిచ్చినాడన్నా?"

కండక్టరు తలుపు వేశాడు. బస్సు పోయింది. తిమ్మరాయప్ప ఇంటికి వచ్చాడు. ఓబక్క మాత్ర, చెంబుతో నీళ్లు పట్టుకొని గడపలో నిలబడి ఉంది. అతను మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాడు. ఆమె చూసి తల ఊపి, ముద్ద పెట్టడానికి లోపలికి పోయింది.